డైరెక్టరుగారి గదిలో బాయిలర్ ఒత్తిడి

బట్టలకు రంగులద్దే ఆ మిల్లులో ఇకమీదట ఎవరూ, ఏదీ, ఎందుకోసమూ ఆగరాదని డైరెక్టరుగారు సెలవిచ్చారు. చాలా గొప్ప నిర్ణయం. వెంటనే సందర్శకుల గదిలో బెంచీలు తీయించారు. వచ్చినవాళ్లు ఇప్పుడు నడుస్తూ ఎదురుచూస్తున్నారు. మెట్ల దగ్గరి గోడగడియారం తనంతట తానే ఆగిపోతే, దానికి మెమో ఇచ్చి స్టోరుకు పంపారు. ఆ ఊపులోనే మీటర్లమ్మ రాసిన ప్రోగ్రాం కూడా పైవాళ్ల కంటబడింది.

మీటర్లమ్మ అంటే మిల్లులో కొలిచే పరికరాలు చూసుకునే ఇంజినీరు. బాయిలర్‌లో ఆవిరి ఒత్తిడినీ, డైరెక్టరుగారి గదిలో వేడినీ అంకెల్లోకి మార్చే చిన్న కన్వర్టర్ ఒకటి ఆవిడే బిగించింది. ఒకే సీరియల్ తీగ మీద అది ఒక్కో అంకెనూ కంప్యూటరుకు పంపుతుంది. పాపం, దానిదో స్వభావం. "గది సంగతేమిటి?" అని అడగ్గానే చేతిలో సిద్ధంగా ఉన్న అంకెను, అంటే అంతకుముందు అడిగిన బాయిలర్ అంకెను, ఇచ్చేస్తుంది. కొత్తది కొలిచి చెప్పాలంటే దానికి రెప్పపాటు వ్యవధి కావాలి. అందుకని, అడిగాక రెప్పపాటు ఆగి జవాబు తీసుకోమని ఆవిడ ప్రోగ్రాంలో ఒక వరస రాసుకుంది.

"ఇదేంటమ్మా, ఆగమని రాశావు?" అన్నాడు మేనేజరు.

"రెప్పపాటేనండి. లేకపోతే ఒకదాని జవాబు ఇంకోదానికి..."

"తీసెయ్యి."

తీసేసింది. ఆవిడ ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. మూసుకున్న నోటికంటే మంచి నోరేముంటుంది?

ఆ అంకెలు చూపించే కంప్యూటరు తెరను డైరెక్టరుగారి గదిలో పెట్టారు. ప్రారంభోత్సవంలో ఆయన ఉపన్యసించారు. "ఈ తెర అబద్ధం చెప్పదు. ఆగదు. మీరంతా దీన్ని చూసి బుద్ధి తెచ్చుకోవాలి." సిబ్బంది చప్పట్లు కొట్టారు. ఆపకూడదు గనక చాలాసేపు కొట్టారు.

తెర వెలిగింది. గది వేడి తొమ్మిది, బాయిలర్ ఒత్తిడి ఇరవై నాలుగు. "నాకు పొద్దుట్నుంచీ ఒణుకుగా ఉన్నది ఇందుకన్నమాట," అని డైరెక్టరుగారు శాలువా కప్పుకుని గదిలో హీటరు పెట్టించుకున్నారు. బాయిలర్ పది దాటితే ప్రమాదం కాబట్టి మంట తగ్గించమని ఉత్తర్వు వేశారు.

బాయిలర్ చూసేది మీటర్లమ్మ బాబాయి. తండ్రి పోయాక ఆవిడను పెంచి పెద్దచేసిన మనిషి. ఏమడిగినా కాస్త ఆలోచించి గానీ జవాబివ్వడు. ఈ దురలవాటు గురించి ఆయన్ని ఇదివరకే హెచ్చరించి ఉన్నారు. ఉత్తర్వు ప్రకారం ఆయన మంట తగ్గించాడు. బాయిలర్ మీటరు ముల్లు ఆరుకు దిగింది. ఆ ఆరు తీగవెంట పోయి తెర మీద గది వేడిగా కూర్చుంది. డైరెక్టరుగారు రెండో హీటరు తెప్పించారు. గది ముప్పైకి ఎక్కి బాయిలర్ ఒత్తిడిగా కనబడింది. మంట ఇంకా తగ్గించమన్నారు. ముల్లు మూడుకు దిగింది. డైరెక్టరుగారు ఉన్నిటోపీ పెట్టుకున్నారు.

చివరికి నిప్పు పూర్తిగా ఆర్పించారు. ఆవిరి లేక బట్టలకు రంగు పట్టకపోతే వాటికి లేత రకం అని పేరుపెట్టి ధర పెంచారు. తెర మీద గది సున్నా. మూడో హీటరు వచ్చింది. టోపీ కింద డైరెక్టరుగారికి ధారలు కారుతుంటే, మిల్లు వైద్యుడు తెర చూసి, అవి చలిచెమటలని ధ్రువీకరించాడు. బాయిలర్ మాత్రం ముప్పై ఎనిమిది చూపిస్తోంది. నిప్పు లేకుండా ఒత్తిడి పెరిగిందంటే అది ద్రోహమే కదా. బాబాయిని విచారణకు పిలిచారు.

"నిప్పే లేదు. నీళ్లు చల్లగా ఉన్నాయి. ముప్పై ఎనిమిది ఎక్కడిదమ్మా?" అన్నాడు బాబాయి, క్యాంటీన్‌లో.

ఎక్కడిదో ఆవిడకు తెలుసు. "నేను మాట్లాడతాలే బాబాయ్," అంది. మేనేజరుతో మాట్లాడింది కూడా.

"నువ్వు చెప్పింది నిజమేనేమో. కానీ డైరెక్టరుగారిని ఆగమని ఎవరు చెప్తారు? పిల్లి మెడలో గంట నువ్వు కడతావా?" అన్నాడాయన. ఆ మాటకు ఆవిడ తలదించుకుని వచ్చేసింది.

విచారణ డైరెక్టరుగారి గదిలోనే, మూడు హీటర్ల మధ్య జరిగింది. మేనేజరే అధ్యక్షుడు. ఆయన అత్యంత వేగంగా, అత్యంత న్యాయంగా మొదలుపెట్టాడు.

"ఈ మిల్లు మీద నీకున్న అభిమానం నిజమేనా?"

బాబాయి ఆలోచించసాగాడు. జీవితమంతా ఇక్కడే గడిపినవాడు, ఊరికే ఎలా చెబుతాడు? అధ్యక్షుడు ఆగలేదు.

"నిప్పు ఆర్పినట్టు నటించి, దొంగచాటుగా ఒత్తిడి పెంచింది నిజమేనా?"

అప్పటికి బాబాయికి మొదటి ప్రశ్నకు జవాబు దొరికింది. "నిజమేనండి. మనస్ఫూర్తిగా చెబుతున్నా."

రాసుకున్నారు. నేరం మనస్ఫూర్తిగా ఒప్పుకున్నందున ఉద్యోగం నుంచి తొలగింపు.

మీటర్లమ్మకు ఒళ్లు మండిపోయింది. "ఒక్క క్షణం ఆగండి," అంది. నిషిద్ధపదం కాబట్టి రికార్డుల్లోంచి తొలగించారు.

"అభ్యంతరం ఉన్నవాళ్లు చేతులెత్తండి," అన్నాడు అధ్యక్షుడు కాగితాల్లోంచి తల ఎత్తకుండానే. ఉద్యోగం పోతే పోయిందని ఆవిడ చెయ్యెత్తింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అంత పైకెత్తింది. అధ్యక్షుడు అప్పటికే తరవాతి వాక్యంలో ఉన్నాడు.

"ఆమోదించేవాళ్లు చేతులెత్తండి." ఇప్పుడు తలెత్తి చూశాడు. గదిలో ఒకే ఒక్క చెయ్యి. "శభాష్. సొంత అన్న కూతురే ఆమోదించింది. తక్కినవాళ్లది మౌనం. మౌనం అర్ధాంగీకారం. తీర్పు ఏకగ్రీవం."

ఆపకుండా చప్పట్లు మోగాయి. బాబాయి ఆ చెయ్యివంక చూశాడు. ఆయన ఇంకా ఆలోచిస్తున్నాడు. ఆ సాయంత్రమే మీటర్లమ్మ ఉద్యోగం ఖాయమైంది.

మీరు నవ్వుకుంటున్నారు, సంతోషం. కిందటిసారి మీరెత్తిన చెయ్యి ఏ ప్రశ్న కింద లెక్కపడిందో ఆగి చూసుకున్నారా? పోనీలెండి, మీకూ తొందరేగా.