ఆరో అంతస్తులో అర్హత

పెన్షన్ల మంత్రిగారు సచివాలయం మెట్ల మీద నిలబడి, వానలో తడుస్తున్న ప్రజల్ని గొడుగు కింద నుంచి ఆప్యాయంగా చూస్తూ, ఒక చారిత్రక ప్రకటన చేశారు.

"పెన్షన్ ఇవ్వడంలో ఏముంది? ఏ ప్రభుత్వమైనా ఇస్తుంది. వస్తుందో రాదో చెప్పే ప్రభుత్వం మాది! ముందుగా రిటైరయిన సోదర సోదరీమణులారా, ఇక మీకు బెంగ అక్కర్లేదు. ఈ భవనం ఆరో అంతస్తులో అర్హతా నిర్ధారణ కేంద్రం తెరిచాం. రండి, తెలుసుకోండి, ఆనందించండి!"

ఏం తెలుసుకుని ఆనందించాలో ఆయన చెప్పలేదు. అంత చిన్న విషయాలు మంత్రిగారి స్థాయికి తగవు కదా.

తడుస్తూ చప్పట్లు కొట్టినవాళ్లలో లిఫ్టు మాస్టారు కూడా ఉన్నారు. ఆ భవనంలోనే జీవితమంతా లిఫ్టు నడిపిన మనిషి. కొత్త లిఫ్టు రాగానే, "బొత్తాం నొక్కితే అదే పోతుంది, పాపం మీరెందుకు కష్టపడటం?" అని పైవాళ్లు ఎంతో దయతలచి, ఇంకా నాలుగేళ్ల సర్వీసుండగానే ఆయన చేత స్వచ్ఛందంగా సంతకం పెట్టించారు. ఎంత స్వచ్ఛందమంటే, ఆయన కళ్లజోడు వెతుక్కునేలోపే కలం చేతిలో పెట్టేశారు. పోతూపోతూ ఒక గోడగడియారం కూడా ఇచ్చారు. పెన్షన్ సంగతి మాత్రం ఎవరికీ తెలియదన్నారు.

మాస్టారి భార్య ఇంట్లో బట్టలు కుడుతుంది. ఆవిడ కళ్లు మసకబారి ఏడాదైంది.

"ఏమండీ, మంత్రి చెప్పిందేదో వెళ్లి తేల్చుకురండి," అంది ఆ రాత్రి. "వస్తుందంటే ఈ మిషను మానేస్తాను. రాదంటే కళ్లు పూర్తిగా పోయేదాకా తొక్కుతాను. ఏదో ఒకటి తేలాలిగా! ఎన్నాళ్లని ఇలా గాల్లో దీపంలా?"

"తేలకేం చేస్తుందే? మన ఆఫీసేగా," అన్నారు మాస్టారు ధీమాగా.

పొద్దున్నే వెళ్లేసరికి కింద లిఫ్టు తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. లోపల ఉప కార్యదర్శిగారు, ఇద్దరు గుమాస్తాలు, మాస్టారిలాగే ముందుగా రిటైరయినవాళ్లు అరడజను మంది, కిక్కిరిసి నిలబడి ఉన్నారు. ఎవరూ కదలడం లేదు.

"పాడైందాండీ?" అని అడిగారు మాస్టారు.

"ఛ, బ్రహ్మాండంగా ఉంది," అన్నారు ఉప కార్యదర్శిగారు.

"మరి?"

"నొక్కేవాళ్లు లేరు."

ఇందులో నవ్వడానికేమీ లేదు. ఆ భవనంలో ఎవరి పని వాళ్లే చేస్తారు, పక్కవాడి పని ముట్టుకోరు. అంత గొప్ప క్రమశిక్షణ. కొత్త లిఫ్టు వచ్చిన కొత్తలో ఒక టైపిస్టు ఉండబట్టలేక తనే బొత్తాం నొక్కేసింది. "మీ విధుల్లో లేని బొత్తాం ఎందుకు నొక్కితిరి? సంజాయిషీ ఇవ్వవలసినది," అని మర్నాడే మెమో వచ్చింది. అప్పటినుంచి సిబ్బంది రోజూ కాసేపు మర్యాదగా లిఫ్టులో నిలబడి, ఆ తర్వాత మెట్లెక్కి వెళ్తున్నారు. అధికారులే ముట్టుకోని బొత్తాన్ని మామూలు జనం ఎలా ముట్టుకుంటారు?

మాస్టారి చెయ్యి ఊరుకుంటుందా? దానంతటదే వెళ్లి ఆరు నొక్కింది.

"ముందు నాలుగు," అన్నారు ఉప కార్యదర్శిగారు.

నాలుగో అంతస్తయింది, ఆరోదీ వచ్చింది. మాస్టారు ఒక కాలు బయట పెట్టారో లేదో, ఐదుగురు లోపలికి తోసుకొచ్చారు. "హమ్మయ్య, మాస్టారొచ్చారు! కిందికి!"

"అయ్యా, నేను నా పని మీద..."

"ఒక్క ట్రిప్పేనండీ, మీకు మాత్రం మేం పరాయివాళ్లమా?"

మొహమాటం మాస్టారికి పుట్టుకతో వచ్చిన జబ్బు. ఒక్క ట్రిప్పు సాయంత్రం దాకా సాగింది, సాయంత్రం వారం దాకా సాగింది. ఎవరో స్టూలు తెచ్చి వేశారు. ఇంకెవరో వేళకి టీ పంపసాగారు. ఆరో అంతస్తుకి ఆయన రోజుకెన్నిసార్లు వెళ్లారో ఆయనకే తెలియదు, కేంద్రం గుమ్మం మాత్రం తొక్కలేకపోయారు. ఇంటికెళ్తే భార్య, "తేలిందా?" అంటుంది. ఈయన, "రేపు," అంటారు. ఆవిడ మళ్లీ మిషను తొక్కడం మొదలుపెడుతుంది. ఆ చప్పుడు వింటే మాస్టారికి ప్రాణం ఉసూరుమంటోంది.

వారం తర్వాత, కేంద్రం సాధించిన ప్రగతిని చూడటానికి మంత్రిగారే లిఫ్టెక్కారు. మాస్టారు గుండె చిక్కబట్టుకున్నారు.

"అయ్యా, నేను ముందుగా రిటైరయినవాణ్ణండీ. నా పెన్షన్..."

"శభాష్! రిటైరయ్యాక కూడా ఇంత సేవా!" అంటూ మంత్రిగారు ఆయన భుజం మీద చెయ్యేసి, కెమెరాల వైపు తిరిగారు. "రాసుకోండయ్యా, మా పాలనలో విశ్రాంత ఉద్యోగులకు విశ్రాంతే లేదు!"

అందరూ రాసుకున్నారు. ఆ ఊపులో మంత్రిగారు ఆయన్ని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి, సాక్షాత్తూ అర్హతాధికారి ఎదుట కుర్చీలో కూర్చోబెట్టి, ఇంకో ఫొటో దిగి వెళ్లిపోయారు.

అర్హతాధికారి ఫైలు తిరగేశాడు. "ముందుగా రిటైరయ్యారు. సర్వీసు సరిపోయింది. వయసూ సరిపోయింది. భేష్, ఇంకేం కావాలి?"

మాస్టారికి కళ్లలో నీళ్లు తిరిగాయి. అధికారి సంతకం చేయబోతూ తలెత్తాడు.

"అరె, మీరా మాస్టారూ! పొద్దున నన్ను పైకి తెచ్చింది మీరేగా?"

"అవునండీ."

"నిన్న సాయంత్రం కిందికి దించింది?"

"నేనేనండీ."

"మరి డ్యూటీలో ఉండి రిటైరయ్యానంటారేంటండీ? నా కళ్లతో నేను చూశాక, ఈ కాగితాన్ని నమ్మమంటారా?" అంటూ కలం మూసేశాడు. "ఉద్యోగంలో ఉన్నవాళ్లకి పెన్షన్ రాదు."

"పోనీ, అయితే జీతమొస్తుందాండీ?"

"అది నాలుగో అంతస్తు."

నాలుగో అంతస్తులో జీతాల సూపరింటెండెంటు పకపకా నవ్వాడు. "మీకు జీతమేంటి మాస్టారూ! రిటైరయిననాడు మీకు గడియారం ఇచ్చింది నేను కాదూ? ఈ చేత్తోనే ఇచ్చానే!" నవ్వు ఆపుకుని ఫైళ్లు సర్దుకుంటూ, "కిందికేనా? ఉండండి, నేనూ వస్తున్నా," అన్నాడు.

ఆ సాయంత్రం భార్య మిషను ఆపి చూసింది. "తేలిందా?"

"తేలింది."

"రిటైరయినట్టేనా?"

"నాలుగో అంతస్తు లెక్కన అయ్యాను. ఆరో అంతస్తు లెక్కన ఇంకా కాలేదు."

ఆవిడ మళ్లీ మిషను మీదికి వంగింది. "రేపు మళ్లీ వెళ్లాలా?"

"వెళ్లకపోతే ఎలా? ఉప కార్యదర్శిగారు పొద్దున్నుంచీ లోపలే నిలబడి ఉంటారు."

"సరే," అందావిడ. "వెళ్లేముందు ఓ నాలుగు సూదులకి దారం ఎక్కించిపెట్టి వెళ్లండి."