హ్యాంప్టన్ కౌంటీ, రాజుపాలెం రోడ్డు

ఇంగ్లీషు పేరు లేని కాలనీలో సొంత మేడ కంటే, ఉన్న కాలనీలో అద్దె గది మేలు! మాది ప్రొద్దుటూరులో, రాజుపాలెం పోయే రోడ్డులో, హ్యాంప్టన్ కౌంటీ. ఆ పేరు పలకడానికి మా ఆయనకు పది రోజులు పట్టింది. గొప్ప పేరంటే అలాగే ఉండాలి మరి.

దాని మహిమ చూడండి. మాకు నీళ్లు నాలుగు రోజులకోసారి వస్తాయి. అయినా జమ్మలమడుగు బంధువులు ఆ మాటే ఎత్తరు. కౌంటీ వాళ్లను నీళ్ల గురించి అడుగుతారా ఎవరైనా? పులివెందులలో మా చెల్లెలు అపర్ణ ఉండేది పాత వీధిలో. పాపం, రోజూ నీళ్లొస్తాయి. ఏం లాభం?

డిగ్రీ చదివినదాన్ని కదా, ఈ పేరు పుట్టుక వెతికాను. హ్యాంప్టన్ మొదట ఇంగ్లండులో ఊళ్ల పేరట. అక్కడి నుంచి వచ్చినవాళ్లకు అదే ఇంటిపేరైంది, మన వల్లూరు వాళ్లు, మైలవరం వాళ్లు అయినట్టే. ఇంటిని ఆనుకున్న పొలమని ఒక అర్థం చెబుతారు. అంటే, చేనుకు పేరు కోసం ఇంగ్లండు దాకా పోయివచ్చాం. శ్రద్ధ అంటే అదీ!

ఒక్కటే చిక్కు. బస్టాండు దగ్గర ఆటో జియావుల్లా, "అట్లాంటిది ఈడ లేదక్కా" అన్నాడు. గొంతు తగ్గించి వెంకటసుబ్బమ్మ చేను అన్నాను. "ముందే చెప్పొచ్చు గదక్కా, ఎక్కు."

వెంకటసుబ్బమ్మ ఈ నాలుగెకరాలను ముప్పై ఏళ్లు ఒంటిచేత్తో సేద్యం చేసిన మనిషి. అమ్మేటప్పుడు ఒకటే అడిగింది, గేటు మీద తన పేరుండాలని. లేఅవుటు యజమాని సరేనన్నాడు, నోటిమాటగా. పోయిన నెల మా సంఘం సమావేశానికి వచ్చి ఆ మాట గుర్తుచేసింది. చేతులెత్తమన్నారు. నేను హ్యాంప్టన్‌కే ఎత్తాను. రేపు మా అమ్మాయి హర్షిణి పెళ్లి కార్డు మీద 'వెంకటసుబ్బమ్మ చేను' అని వేయించగలమా? ఆమె లేచిన చేతులన్నీ ఒకసారి చూసి వెళ్లిపోయింది.

తనకు మిగిలిన అరెకరాలో కాసిన చిక్కుడుకాయలు గంపకెత్తుకుని నిన్న గేటు దగ్గరికి వచ్చింది. వాచ్‌మన్ కొత్తవాడు. పేరు, ఎవరింటికి పోవాలి, అన్నీ పుస్తకంలో రాయాలన్నాడు.

"యాడికి పోతాననేది తర్వాత అప్పా. ఈ చేను ఎవురిదో ముందు రాసుకో" అందట.

పుస్తకంలో అందుకు గడి లేదు. గేటు పక్కిల్లు మాదే కాబట్టి నాకు ఫోన్ చేశాడు, వెంకటసుబ్బమ్మ అంటే ఎవరో తెలుసా మేడమ్ అని.

హ్యాంప్టన్ వాళ్లం, అబద్ధమాడతామా? తెలుసన్నాను.

"కూరగాయలామె. పంపించు."