రోడ్డు పరువు తీసిన ఫోర్కు

బొడ్డుమామిడి కొండ మీది తారురోడ్డు పరువు తీసిందన్న నేరానికి పాంగి రాజులమ్మ సైకిలు ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కును మంగళవారం పొద్దున్నే పోలీసులు అరెస్టు చేశారు. ఫోర్కు పెనుగులాడలేదు. సబ్ ఇన్‌స్పెక్టరు మర్యాదస్తుడు. చక్రం తానే దగ్గరుండి విప్పించాడు, బేడీలు మరీ బిగించొద్దని కానిస్టేబులుకు చెప్పాడు. తరవాత దాన్ని జీపు వెనక సీట్లో ఇద్దరు కానిస్టేబుళ్ళ మధ్య కూర్చోబెట్టి తీసుకెళ్ళారు. మిగతా సైకిలు గోడకు ఆనుకుని ఉండిపోయింది.

ఆ రోడ్డును ఇంతవరకూ ఎవరూ చూడలేదు. చూడకపోవడం నేరమేమీ కాదు. కొండ కింద జీలుగువలసలో శిలాఫలకం ఉంది. రిబ్బను కత్తిరించారు, కొబ్బరికాయ కొట్టారు, ఆ కొబ్బరిముక్కలు తిన్నవాళ్ళు ఇంకా బతికే ఉన్నారు. ప్రారంభోత్సవం జరిగిన రోడ్డు చట్టం దృష్టిలో పెద్దమనిషితో సమానం. దానికి పుట్టినరోజుంటుంది, ఓటుంటుంది, పరువుంటుంది. లేనిదల్లా రోడ్డే. అదొక్కటీ లేనంత మాత్రాన మిగతావన్నీ పోతాయా అని రోడ్ల గౌరవ పరిరక్షణ శాఖవారు అడుగుతారు. వాళ్ళు అడిగే తీరు చూస్తే నిజమే కాబోలు అనిపిస్తుంది, ఇంటికొచ్చాక కడుపు మండుతుంది.

రాజులమ్మ జీలుగువలస ఆరోగ్య ఉపకేంద్రంలో నర్సు. పైనున్న బొడ్డుమామిడి ఆమె బాధ్యతే. టీకాల పెట్టె, బీపీ మిషను, మాత్రలు అన్నీ ఆమే కొండెక్కించాలి. ఫలకం వేసిన కొత్తలో తారురోడ్డుకు తగ్గట్టు సన్నటి టైర్లు, ముందు బుట్ట ఉన్న సైకిలొకటి ఇచ్చారు. మొదటి మలుపులోనే దాని చక్రం అప్పడంలా వంగింది, టీకామందు సీసాలు రాళ్ళ మీద పగిలాయి. నర్సు నిర్లక్ష్యం అని పైకి రాశారు. అప్పుడామెకు ఒళ్ళు మండి తన సైకిలు తానే కట్టుకుంది.

ఆషామాషీగా కట్టలేదు. ఫ్రేముకి ఇనుమే కావాలంది, అల్యూమినియం వద్దంది. ఇనుము చిట్లితే సంతలో గేట్లు అతికేవాడైనా అతుకుతాడు, అల్యూమినియం చిట్లితే విశాఖపట్నం దాకా మోసుకుపోవాలి. బ్రేకులు చక్రం మధ్య రేకును పట్టి ఆపేవి తీసుకుంది, అందులోనూ నూనెతో పనిచేసేవి కాక తీగతో లాగేవి, ఎందుకంటే తీగ ఏ కొట్లోనైనా దొరుకుతుంది. ముందు చిన్న పళ్ళచక్రం, వెనక పళ్ళెమంత పళ్ళచక్రం వేసింది, నిట్టనిలువు ఎక్కుడు కూడా కూర్చునే తొక్కేలా. టైర్లు వెడల్పువి, బుడిపెలున్నవి, రాయిని కరుచుకుని పట్టేవి. ఇక ఫోర్కు. గుంతలో పడ్డప్పుడు తాను మునిగి, చేతులకు దెబ్బ తగలకుండా లేచే ఫోర్కు అది. అరకు వైపు ఓ రిసార్టువాళ్ళు పాత సైకిళ్ళు వదిలించుకుంటుంటే వాటిలో అన్నింటినీ నొక్కి నొక్కి చూసి ఏరింది. మొగుడు బాలన్న చక్రం పట్టుకుంటే ఆమె ఒక్కో పుల్లా బిగించింది.

కట్టడం ఒక ఎత్తు, కాపాడుకోవడం ఒక ఎత్తు. సాయంత్రం కొండ దిగగానే, తను కాళ్ళు కడుక్కోకముందే సైకిలు కడిగేది. గొలుసును పాత పళ్ళబ్రష్షుతో కిరసనాయిల్లో తోమి, లంకె లంకెకూ చుక్క నూనె వేసేది. ఫోర్కు కాళ్ళను పాత నూలుచీర ముక్కతో తుడిచేది. మట్టి ఆరితే లోపలికి పోయి రబ్బరు సీళ్ళను కొరికేస్తుందని ఆమెకు తెలుసు. పిల్లలు లేనివాళ్ళు కదా, సైకిలుకు నీళ్ళు పోస్తున్నారని పక్కింటివాళ్ళు వేళాకోళం ఆడేవారు.

ఆ సైకిలు మీదే ఆమె కిల్లో చిలకమ్మ కోసం కొండెక్కేది. చిలకమ్మ బొడ్డుమామిడి పిల్ల, తొలిచూలు, బీపీ ఎక్కువ, కాళ్ళు పొంగి ఉన్నాయి. వారం వారం బీపీ చూసి మాత్రలివ్వాలి, నొప్పులు రాకముందే కిందికి తేవాలి. లేకపోతే తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కరు. ఫోర్కు అరెస్టయిన పొద్దున రాజులమ్మకు ముందు గుర్తొచ్చింది ఆ పిల్లే.

"కోపం పెట్టుకోకమ్మా. ఫోర్కు మునిగిందంటే గుంత ఉన్నట్టే కదా. గుంత ఉందంటే రోడ్డును అన్నట్టే కదా," అన్నాడు సబ్ ఇన్‌స్పెక్టరు.

"మరి గుంతలున్నాయి కదండీ."

"ఉన్నాయి. నేనూ చూశాను. కానీ అవి రోడ్డులో లేవు."

ఆ వారంలోనే టైర్లకూ పిలుపొచ్చింది. బుడిపెలుండడం వల్ల రోడ్డు మీద రాళ్ళున్నాయన్న అపోహ కలుగుతోందట. తరవాత పళ్ళచక్రాలు పోయాయి. కాయితం మీద రోడ్డు చదునుగా ఉంది, కొండ మాత్రమే ఏటవాలుగా ఉంది, కనుక ఎక్కుడుకు పనికొచ్చే గేరు పెట్టుకోవడం దురుద్దేశం. బ్రేకుల్ని ఆదివారం పట్టుకెళ్ళారు. ఫ్రేము వయసు చూసి దాన్ని గృహనిర్బంధంలో ఉంచారు. ఉన్నమాటంటే ఉలుకెక్కువ అని ఊరికే అనలేదు పెద్దలు.

రాజులమ్మ నడిచి కొండెక్కింది. టీకాల పెట్టెలో మంచు సగం దారిలోనే కరిగింది. సైకిలు మీద ఒక్క పొద్దులో అయ్యే పనికి చీకటిపడింది.

"నీ బండేదక్కా?" అంది చిలకమ్మ.

"ఠాణాలో ఉంది."

"ఏం సేసిందేటి?"

"మునిగింది."

చిలకమ్మ తలూపింది. ఆశ్చర్యపోలేదు. ఆ ఊళ్ళో అంతకన్నా చిన్న నేరాలకు ఠాణాకు పోయినవాళ్ళున్నారు.

విచారణ దసరా మర్నాడని చెప్పారు. రాజులమ్మ భయపడలేదు సరికదా, సంతోషించింది. ఆ శాఖ చట్టంలో సామాన్ల సాక్ష్యం చెల్లుతుంది. మనుషులు చెబితే కొండవాళ్ళ మాటలని కొట్టేస్తారు గానీ ఇనుముకు కులం లేదు, అబద్ధం అంతకన్నా రాదు అనుకుంది. భాగాలు నిర్దోషులుగా బయటపడితే మర్నాడే సైకిలు బిగించి చిలకమ్మను చూడబోవచ్చు. ఆ పిల్లకు నెలలు నిండుతున్నాయి.

అక్కడ ఒక ఆచారం ఉంది. ఆయుధపూజ నాడు నిర్బంధంలో ఉన్న పనిముట్లను ఒక్కరోజు ఇంటికి పంపాలి. పూజ ఎగ్గొడితే ఠాణాలో లాఠీలకు కూడా మంచిది కాదని నమ్మకం. ఫోర్కు, టైర్లు, గేర్లు, బ్రేకులు కానిస్టేబులు వెంట ఇంటికొచ్చాయి. పట్టుకెళ్ళిన నాటి ఎర్రమట్టి వాటికి అట్టలు కట్టి అలాగే ఉంది. ఫోర్కు సీలు చిరిగి ఉంది. బ్రేకు బిళ్ళలు దిగుడులో అరిగి అరిగి రేకంత పల్చబడ్డాయి. ఆ మట్టీ ఆ అరుగుదలా నోరు తెరవకుండానే మొత్తం కథ చెప్పేలా ఉన్నాయి.

రాజులమ్మ బకెట్టు నీళ్ళు తెచ్చింది.

"మట్టుండనీరాదేటి?" అన్నాడు బాలన్న గుమ్మంలో నిలబడి.

"మురిగ్గా ఎల్తే ఎవులింటారు మన మాట?"

హాస్టల్లో చదివిన రోజుల నుంచీ ఆమె వింటున్నది ఆ ఒక్క మాటే. మీరు స్నానం చెయ్యరు, మీ గోళ్ళు చూపించండి, దూరంగా నిలబడండి. నర్సు అయ్యాక కూడా మీటింగులో పక్క కుర్చీవాళ్ళు కొంచెం జరిగి కూర్చునేవారు. పెద్దల ముందు నిలబడబోయే పనిముట్లను ఆమె అలా ఎలా పంపుతుంది? టైరు బుడిపెల సందుల్లో మట్టి పుల్లతో గీకింది. సీలు మార్చింది, కొత్త బ్రేకు బిళ్ళలు వేసింది. గొలుసు తోమి నూనె పెట్టింది. అన్నిటికీ పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, నిమ్మకాయ కట్టింది. పేరంటానికి పంపే ఆడపిల్లల్లా వాటిని ముస్తాబు చేసి కానిస్టేబులుకు అప్పగించింది.

విచారణ గదిలో మొదటి వరుసలో రోడ్డుకు కుర్చీ వేశారు. కుర్చీకి శాలువా కప్పి, ఫ్యాను అటు తిప్పారు. ఎవరైనా పొరపాటున అందులో కూర్చుంటారేమోనని అటెండరు కాపలా కాశాడు. ఫోర్కును బల్ల మీదికి ఎక్కించి ప్రమాణం చేయించారు.

"మునిగావా?" అన్నాడు విచారణాధికారి.

"మునిగానండి," అంది ఫోర్కు.

"ఎంత?"

"మునగగలిగినంతా."

టైర్లు రాళ్ళ సంగతి చెప్పాయి. బ్రేకులు లోయ సంగతి చెప్పాయి. గేర్లు కొంచెం నత్తిగా మాట్లాడినా ఎక్కుడు గురించి దాపరికం లేకుండా చెప్పాయి. ఒక్కటీ అబద్ధమాడలేదు. రాజులమ్మ ఒళ్ళో చేతులు పెట్టుకుని వింటూ, ఇన్నేళ్ళకు మన మాట వినే చోటొకటి దొరికిందని లోపల్లోపల పొంగిపోయింది.

అప్పుడు విచారణాధికారి జేబులోంచి తెల్లటి రుమాలు తీసి ఫోర్కు కాళ్ళను తుడిచి చూశాడు. రుమాలు ఎత్తి అందరికీ చూపించాడు. మచ్చ లేదు. టైరు సందుల్లో వేలు పెట్టాడు, పసుపు తగిలింది. బ్రేకు బిళ్ళలు వేలితో నొక్కి చూశాడు, అవి ఒక్కసారైనా అరిగిన పాపాన పోలేదు.

"ఇవేనా గుంతల్లో తిరిగినవి?"

"తిరిగినయండి. నానే కడిగీసినాను," అంది రాజులమ్మ లేచి.

"ఎందుకు కడిగారు?"

"మురిగ్గా వస్తే మీరు ఇనరని."

"శుభ్రంగా వచ్చారు, విన్నాం కదమ్మా," అన్నాడాయన. గొంతులో వెటకారం లేదు. ఆయన నిజంగానే సంతోషించాడు.

తీర్పు వెంటనే చెప్పారు. బొడ్డుమామిడి రోడ్డు మీద అన్నాళ్ళు తిరిగిన సైకిలుకు మట్టి అంటలేదు, బిళ్ళ అరగలేదు, సీలు చిరగలేదు. ఇంతకన్నా ఆ రోడ్డు నాణ్యతకు రుజువేం కావాలి? తమ ఒంటి శుభ్రతకే విరుద్ధంగా మాట్లాడిన భాగాలకు అబద్ధసాక్ష్యం కింద యావజ్జీవం వేశారు. జిల్లా కార్యాలయంలో అద్దాల బీరువాలో, వచ్చేపోయేవాళ్ళకు రోడ్డు గొప్పతనం తెలిసేలా ఉండాలి. రాజులమ్మను మాత్రం మెచ్చుకున్నారు. రోడ్డు తన సొంత శాలువా ఆమెకు ఇవ్వదలచిందని ప్రకటించి, కుర్చీ మీదిది తీసి ఆమె భుజాల మీద కప్పారు. చప్పట్లు కొట్టారు.

ఆమె శాలువా తీసి బల్ల మీద పడేసింది.

"చిలకమ్మకి నెలలు నిండినయి. దాన్నెవులు దింపుతారు?"

"రోడ్డుంది కదమ్మా," అన్నాడు విచారణాధికారి.

తీర్పయిన నాలుగో రోజున చిలకమ్మకు నొప్పులొచ్చాయి. కబురందగానే అంబులెన్సు వచ్చి శిలాఫలకం దగ్గర ఆగింది. డ్రైవరు ఇంజను కట్టేసి, బొడ్డుమామిడి చేరినట్టు ఫోన్లో పై ఆఫీసుకు చెప్పాడు.

"ఇది జీలుగువలస కదయ్యా," అంది రాజులమ్మ.

"రోడ్డున్నచోట నేను ఎక్కడున్నా చేరినట్టేనమ్మా. ఆవిడే రాలేదు." కాసేపు చూసి, పేషెంటు హాజరు కాలేదని చెప్పి వెళ్ళిపోయాడు.

పైన ఊరివాళ్ళు కర్రకు దుప్పటి కట్టి డోలీ చేశారు. నలుగురు మగవాళ్ళు వంతులేసుకుని, మోకాటిలోతు బురదలో జారుతూ, చిలకమ్మను మోసుకొచ్చారు. రాజులమ్మ సగం దారిలో ఎదురెళ్ళి పక్కనే నడిచింది. ఫలకం దగ్గర రవాణా శాఖవాళ్ళు ఆపారు. తారురోడ్డు మీద నంబరు లేని వాహనం నడుస్తోందని ఫిర్యాదు వచ్చిందట. రాజులమ్మ వాళ్ళను నోటికొచ్చినట్టు తిట్టింది. వాళ్ళు ఓపిగ్గా విన్నారు. జరిమానా వెయ్యడం లేదమ్మా, నంబర్లే ఇస్తున్నాం, మీ మంచికే అన్నారు. నాలుగు రేకులు తెప్పించి, నంబర్లు రాయించి, పెయింటు ఆరేదాకా ఆగమన్నారు.

పెయింటు ఆరకముందే ఫలకం అరుగు మీద బిడ్డ పుట్టాడు. ఏడవలేదు. రాజులమ్మ వీపు రుద్దింది, నోట్లో నోరు పెట్టి ఊదింది, మళ్ళీ రుద్దింది, మళ్ళీ ఊదింది. బాలన్న వచ్చి భుజం మీద చెయ్యి వేసేదాకా ఊదుతూనే ఉంది. పెయింటు ఆరాక రేకులు మోసేవాళ్ళ మెడల్లో కట్టి, చిలకమ్మను ఆసుపత్రికి తీసుకెళ్ళనిచ్చారు. ఆమె బతికింది.

ఆ నెలలోనే బొడ్డుమామిడిలో ఇంకో ఇద్దరికి కడుపని తెలిసింది. రాజులమ్మ ఏ కాయితమూ రాయలేదు, ఎవరినీ తిట్టలేదు. డోలీ మొయ్యడానికని ఊళ్ళో మగవాళ్ళను వరసగా నిలబెట్టి ఒక్కొక్కరి మోకాళ్ళు నొక్కి చూసింది. బాగా మునిగి లేచేవి ఎవరివో చూసి ముందు వరసకు వాళ్ళను తీసుకుంది. అరికాళ్ళు తిప్పి చూసింది, రాయి పట్టే కాళ్ళవాళ్ళను వెనక పెట్టింది. దిగుడులో ఆపగలిగినవాళ్ళెవరో నడిపించి తెలుసుకుంది. సోమవారం సోమవారం వాళ్ళ కీళ్ళకు నూనె రాస్తుంది. నంబరు రేకులు ఒరుసుకుని మెడ పుండైతే మందు పెడుతుంది. వాళ్ళు కదలకుండా నిలబడతారు.

బొడ్డుమామిడి రోడ్డు మీద ఇప్పుడు నాలుగు అంబులెన్సులు తిరుగుతున్నాయని జిల్లా లెక్క. కొండెక్కే ముందు వాటికి తలా ఇన్ని గంటెలు అంబలి పోస్తారు.