హెల్మి ఒక్కపొద్దు

ఆ గురువారం పొద్దున హెల్మి పెట్టుకున్న కోరిక చాలా చిన్నది. ఒక గ్లాసు కాఫీ తాగి, భూమికతో కలిసి కాలేజీకి పోవాలి. టిఫిన్ మాత్రం వద్దు. ఆదోనిలో, అందులోనూ లక్ష్మీబాయి ఇంట్లో ఉంటూ ఇలాంటి కోరిక కోరడం ఎంత సాహసమో ఆ పిల్లకు అప్పటికే బాగా తెలిసివచ్చింది.

హెల్మిది ఫిన్లాండ్. పదహారేళ్ల పిల్ల. ఒక ఏడాది పరాయి దేశంలో, ఎవరో ఒకరి ఇంట్లో ఇంటిపిల్లలా ఉంటూ చదువుకునే పథకం కింద వచ్చింది. తోటి పిల్లలకు ఢిల్లీ, హైదరాబాద్ దక్కితే ఈమె వంతుకు ఆదోని వచ్చింది. హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పే సేతుమాధవరావు ఆమెను ఇంటికి తెచ్చి, తన కూతురు భూమిక మంచం పక్కనే ఇంకో మంచం వేయించాడు. నాలుగు రోజులు తిరిగేసరికి పిల్లలిద్దరికీ దువ్వెన ఒకటే, చెరో చెవిలో ఇయర్‌ఫోనూ ఒకటే. భూమికకు క్లాసులో పలకరించేవాళ్లు చాలామంది ఉన్నారు గానీ, మనసులో మాట చెప్పుకునే మనిషి దొరకడం అదే మొదలు. హెల్మి తెలుగు కూడా భూమిక దగ్గరే నేర్చింది కాబట్టి అచ్చం ఆదోని తెలుగే మాట్లాడేది.

చిక్కంతా కంచం దగ్గర వచ్చింది. హెల్మి వాళ్లింట్లో పళ్లెంలో పెట్టుకున్నది ఒక్క మెతుకు వదలకూడదు. వదిలితే వండినవాళ్లను అవమానించినట్టు. భూమిక వాళ్లమ్మ లక్ష్మీబాయి ఇంట్లో కంచం ఖాళీ అయిందంటే తినేవాళ్లకు ఇంకా ఆకలి తీరనట్టు. ఈమె వడ్డించేది, ఆ పిల్ల ఊడ్చేది. ఊడ్చింది కదా అని ఈమె మళ్లీ వడ్డించేది. ఇద్దరూ మర్యాదస్తులే, ఇద్దరిలో ఎవరూ తగ్గలేదు. దానికి తోడు పక్కింటి ఉరుకుందమ్మ, హెల్మి ఒకసారి బొరుగుల ఉగ్గాణి బాగుందన్న పాపానికి, రోజూ గోడ మీదుగా గిన్నెడు ఉగ్గాణి, దాని మీద మిరపకాయ బజ్జీలు అందించేది. ఉల్లిపాయ వేసినది లక్ష్మీబాయి వంటింట్లోకి రాకూడదు గనుక హెల్మి గోడ దగ్గరే నిలబడి అదీ ఊడ్చేది. యూనిఫాం ఇప్పటికి ఒకసారి కుట్లు విప్పించారు.

బుధవారం సాయంత్రం మిద్దె మీద హెల్మి కడుపు పట్టుకుని కూర్చుంది.

"జాగా లేదు భూమీ. రేపొక్క దినం టిఫిన్ వొద్దంటే అమ్మకు కోపమొస్తాదా?"

"కోపమొస్తే బాగుండు. బాధపడ్తాది. పిల్లకు నా వంట సయించలేదేమో అని రాత్రంతా మా నాయనను నిద్రపోనీదు."

"మరెట్ల?"

భూమిక ఆలోచించింది. ఆ ఆలోచన చేయకుండా ఉంటే ఈ కథే లేదు.

"రేపు గురువారం. మంత్రాలయం రాయరికి ఒక్కపొద్దు అని సెప్పు. మా ఇంట్లో తినకుండా తప్పించుకునేదానికి దేవుడు తప్ప ఇంకో దారి లేదు మే."

గురువారం పొద్దున లక్ష్మీబాయి గరిటె పట్టుకుని నిలబడి ఉండగా హెల్మి చెప్పింది. "అమ్మా, ఈపొద్దు నేను ఒక్కపొద్దు. రాయరికి."

లక్ష్మీబాయి కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. "ఏమండీ, ఒకసారి ఇట్లా రండి! ఈ పిల్ల ఏమంటాండాదో ఇనండి!" అంటూ గరిటెతోనే హాల్లోకి పరుగెత్తింది. సేతుమాధవరావు షేవింగ్ నురగ మొహంతోనే వచ్చి రెండు చేతులూ జోడించాడు. స్టవ్ మీద పాలు పొంగేలోపల సంగతి ఎమ్మిగనూరులో ఉన్న లక్ష్మీబాయి అక్క చెవిన పడింది. ఎమ్మిగనూరు అక్క చెవిన పడిందంటే ఇక ఎమ్మిగనూరంతా తెలిసినట్టే.

హెల్మి మాత్రం గాలిలో తేలినట్టు కాలేజీకి పోయింది. సాయంత్రం తిరిగివచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. హాలు నిండా పక్కిళ్ల ఆడవాళ్లు. బల్ల మీద అరటిపండ్లు, ఖర్జూరాలు, కొబ్బరి ముక్కలు, చెంబెడు పాలు, సగ్గుబియ్యం పాయసం. ఉరుకుందమ్మ ఇంత పెద్ద బొప్పాయి ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది.

"ఒక్కపొద్దున్న పిల్ల, నీరసపడిపోతాది. పండ్లు తినొచ్చు, తప్పులేదు. తిను తల్లీ," అంది ఉరుకుందమ్మ.

హెల్మి భూమిక వైపు చూసింది. భూమిక ఫ్యాను వైపు చూసింది. పెట్టింది వదలకూడదని పెరిగిన పిల్ల, బొప్పాయితో సహా అన్నీ పూర్తిచేసింది.

"ఒక్కపొద్దు కంటే ఉగ్గాణే నయం," అంది మిద్దె మీదకు ఆయాసపడుతూ ఎక్కి.

"తప్పు నాదేలే," అంది భూమిక. "పండూ పాలూ కూడా ముట్టనిది ఏకాదశి ఒకటే. ఆదివారం వస్తాది. ఆ దినం మా ఇంట్లో పొయ్యే ముట్టించరు. హాయిగా పండుకోవచ్చు."

ఏకాదశి మాట వినగానే ఈసారి లక్ష్మీబాయి భయపడింది. "సన్నపిల్లవి, నీకెందుకే అంత కఠినం? నీళ్లన్నా తాగు," అని వెంటపడి నీళ్లు తాగించింది. అంతకుమించి మాత్రం ఆ పిల్ల వినలేదు. ఆదివారం పొద్దున్నుంచి ఇంటికి జనం. ఆడవాళ్లు వచ్చి హెల్మికి బొట్టు పెట్టి, పూలు పెట్టి పోయారు. ఒక ముసలావిడ తన మనవడికి ఉద్యోగం ఎప్పుడొస్తుందని అడిగింది. హాయిగా పడుకోవడం అటుంచి, పాపం హెల్మికి కాళ్లు చాపుకునే వీలు కూడా దొరకలేదు. సేతుమాధవరావు ఆనందం పట్టలేక ఒక ఫొటో తీసి, "మా ఇంటి బిడ్డ. ఏకాదశి ఉపవాసం" అని రాసి వాట్సాప్‌లో పెట్టాడు.

ఇంకేముంది! ఫొటో ఎమ్మిగనూరు చేరేసరికి ఉపవాసం మూడు రోజులదైంది. కర్నూలు చేరేసరికి వారమైంది, నీళ్లు కూడా బందయ్యాయి. కర్నూలులో సునీత అనే ఆమె ఉంది. ఈ పథకం కింద వచ్చిన పిల్లల మంచిచెడ్డలు చూడడం ఆమె పని. ఏ ఇంట్లోనైనా పిల్లను పస్తు పెట్టారని తెలిస్తే ఆ పూటే వేరే ఇంటికి మార్చేయాలని నియమం. సోమవారం తెల్లవారకముందే సునీత కారెక్కింది. ఎమ్మిగనూరులో టీ కోసం ఆగి, ఆదోనికి దారి అడిగింది.

"తెల్లపిల్ల కోసమా మేడం?" అన్నాడు టీ కొట్టతను. "పాపం, కట్టెపుల్ల మాదిరి అయిపోయినాదంట."

సునీత సగం టీ అక్కడే వదిలేసి కారు దగ్గరికి పరుగెత్తింది.

ఏకాదశి ఉన్నవాళ్లు మర్నాడు ద్వాదశి పొద్దు పొడవగానే విస్తళ్లు వేసుకుని నిండుగా భోజనం చేస్తారు. హెల్మి కూడా విస్తరి ముందు కూర్చుంది. ఆదోనికి వచ్చిన తర్వాత ఆ పిల్లకు నిజమైన ఆకలి వేయడం అదే మొదటిసారి. పెసరపప్పు, అవిశాకు కూర కలుపుకుని రెండు బుగ్గలూ నింపుకుంటూ, "ఇంకా పెట్టమ్మా," అని అడిగి మరీ తింటోంది. సరిగ్గా అప్పుడు సునీత గుమ్మంలోకి వచ్చింది.

"ఎన్ని రోజులైందమ్మా నువ్వు తిని?" అంది గుండె తరుక్కుపోయి.

హెల్మికి అబద్ధం సొంతంగా ఆడడం రాదు. "నిన్న ఏం తినలేదు మేడం," అంది నోటినిండా అన్నంతో.

"చాలు. బ్యాగు సర్దుకో. హైదరాబాద్‌లో ఇంకో ఇల్లు చూసిపెట్టాను."

హెల్మి చెయ్యి విస్తట్లోనే ఆగిపోయింది. "నేను పోను. నా ఇల్లు ఇదే," అంది. సేతుమాధవరావు, "మేడం, అట్లాంటిదేం లేదు..." అని మొదలుపెట్టబోతే, సునీత ఫోను తీసి ఆయన పెట్టిన ఫొటో ఆయనకే చూపించింది.

భూమికకు ఎటూ పాలుపోలేదు. నోరు మూసుకుంటే హెల్మి పోతుంది. నోరు విప్పితే అమ్మ మనసు విరిగిపోతుంది. ఒకసారి అమ్మ మొహం చూసింది, ఒకసారి హెల్మి మొహం చూసింది.

"అబద్ధం నేనే నేర్పించినా మేడం. రాయరికీ కాదు, దేనికీ కాదు. అమ్మ పెట్టేది తినలేక..." అని ఏడ్చేసింది.

"నా సేతివంట తినలేకనా?" అంది లక్ష్మీబాయి నెమ్మదిగా.

"వంట బాగుంటాదిమా. శానా ఎక్కువమా," అంది భూమిక.

సునీత తల అడ్డంగా ఊపింది. "తిండి ఎక్కువై ఉపవాసాలుండడం నేనెక్కడా వినలేదు. పిల్లతో ఎందుకమ్మా ఇట్లా చెప్పిస్తారు?"

లక్ష్మీబాయి వంటింట్లోకి పోయింది. పిల్లలిద్దరూ ఒకరి చేయి ఒకరు పట్టుకుని బిక్కుబిక్కుమంటూ కూర్చున్నారు. కాసేపటికి ఆమె ఇంకో విస్తరి తెచ్చి సునీత ముందు వేసింది.

"పిల్లను తీస్కపోతే తీస్కపో తల్లీ, నీ ఇష్టం. ద్వాదశి పొద్దు ఇంటికొచ్చినదానివి, ఉత్త కడుపుతో పంపీలేను. కూసో."

సునీతకు నిజంగానే ఆకలిగా ఉంది. "కొంచెం చాలమ్మా," అని కూర్చుంది. వడ్డించింది బాగుంది, మర్యాదకు మొత్తం తినేసింది. విస్తరి ఖాళీ కాగానే లక్ష్మీబాయి మళ్లీ వడ్డించింది. అదీ తిన్నాక మళ్లీ వచ్చింది. సునీత చేయి అడ్డం పెడితే వేళ్ల సందుల్లోంచి పప్పు పోసింది. "ఈ పిల్ల పోతే నేనింక ఎవరికి పెట్టేది?" అని కొంగుతో కళ్లు తుడుచుకుంటూ పాయసం పోసింది. ఏడుస్తూ వడ్డించే మనిషిని ఆపడం ఎలాగో సునీతకు ఉద్యోగంలో ఎవరూ నేర్పలేదు. లక్ష్మీబాయి మళ్లీ అన్నం గిన్నె ఎత్తేసరికి ఆమె రెండు చేతులూ జోడించేసింది.

"అమ్మా, మీకు దణ్ణం పెడతాను! నాకీరోజు ఒక్కపొద్దు!"

సునీత మూతికి ఇంకా పాయసం అంటుకునే ఉంది. ముందు హెల్మి కిసుక్కుమంది, తర్వాత భూమిక. సేతుమాధవరావు గోడ వైపు తిరిగి భుజాలు అదిరేట్టు నవ్వాడు. లక్ష్మీబాయి గరిటె పట్టుకుని సునీత విస్తరిని చూసింది, హెల్మిని చూసింది.

"అంటే నువ్వు కంచం ఊడ్చేది ఆకలికి కాదా?"

"మర్యాదకమ్మా."

"నేను మళ్లీ పెట్టేది గూడా మర్యాదకేనే, పిచ్చిదానా!" అని ఆ పిల్ల తలను కడుపుకు అదుముకుంది. "ఈ పిల్లకు ఆకలి తీరలేదు, వాళ్లమ్మకేమని సెప్పుకునేది అని నేను దినామూ ఏడ్చుకుంటి గదే!"

బ్యాగు సంగతి సునీత మళ్లీ ఎత్తలేదు. భూమిక చేయి పట్టి లేపితేగానీ లేవలేక, వసారాలో మంచం మీద వాలిపోయి, "పిల్ల ఇక్కడే ఉంటుంది," అని పడుకునే తేల్చేసింది. మరునాటి నుంచి హెల్మి కళ్లు గట్టిగా మూసుకుని కంచంలో ఒక ముద్ద వదలడం నేర్చుకుంది. లక్ష్మీబాయి ఆ ముద్ద చూసి, మనసు రాకపోయినా గరిటె కింద పెట్టడం నేర్చుకుంది.

సునీత ఆ ఏడాదంతా పిల్లను చూసిపోవడానికి క్రమం తప్పకుండా వస్తూనే ఉంది. కాకపోతే పంచాంగం చూసుకుని, ఏకాదశి నాడు మాత్రమే వచ్చేది.