దేవరాజు సారు వామాకు దీక్ష

ఆ రోజు పొద్దున్నే దేవరాజు సారు ఒక నిర్ణయానికి వచ్చాడు. ఏది ఏమైనా సరే, మధ్యాహ్నానికి కడుపునిండా అన్నం తినాలి.

సిద్దిపేటలో సకల జనుల సమ్మె జోరుగా సాగుతోంది. బడికి తాళం పడడంతో సారు ఇంట్లోనే ఉంటున్నాడు. సరిగ్గా అప్పుడే ఆయనకు షుగర్ ఉందని దవాఖానలో తేలింది. డాక్టరు అన్నం తగ్గించమన్నాడు. సారు భార్య మహేశ్వరి తగ్గించడమనే మాట ఎరగని మనిషి. బియ్యం డబ్బాను ఏకంగా అటకెక్కించింది. పెరట్లో వామాకు ఎవరూ అడగకపోయినా గోడ పొడవునా పెరిగి ఉంది. ఇక చూసుకోండి, పొద్దున వామాకు ఆమ్లెట్, మధ్యాహ్నం వామాకు చారు, రాత్రి వామాకు పెరుగుపచ్చడి. అన్నం జాగాలో ఉడికించిన క్యాబేజీ తురుము పెట్టి, కళ్లు మూసుకుని తింటే అన్నంలాగే ఉంటుందంది. సారు కళ్లు మూసుకున్నాడు. క్యాబేజీలాగే ఉంది. పోనీ గొడవపడదామంటే, కష్టం ఆయనొక్కడికే ఎందుకని పాపం ఆవిడ కూడా అన్నం మానేసింది. అంత ప్రేమను ఎదిరించడం ఎవరి తరం?

అందుకే సారు కన్ను పాత బస్టాండు మీద పడింది. ఆ రోజు అక్కడ వంటావార్పు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండి, అందరూ కూర్చుని తినే నిరసన. ఉద్యమానికి పోయొస్తానంటే మహేశ్వరి కాదనదు.

అయితే సారుకు తెలియని సంగతి ఒకటుంది. పక్కింటి దుర్గవ్వ బర్రెకు కుడితి సారింటి నుంచే వెళ్లేది. బియ్యం కడిగిన నీళ్లూ, గంజీ మహేశ్వరి గడప పక్కనున్న కుండలో పోస్తే దుర్గవ్వ పట్టుకుపోయేది. వారం రోజులుగా ఆ కుండ ఎండిపోయింది. ఇంట్లోంచి ఎప్పుడు చూసినా వామాకు వాసన. ఉత్త కడుపుల నొప్పికి కషాయం కాచుకుంటున్నారని దుర్గవ్వ తేల్చేసింది. సారు తెలంగాణ కోసం గుట్టుగా ఉపవాసం చేస్తున్నాడన్న వార్త సారు కంటే ముందే బస్టాండు చేరింది.

సారు వెళ్లేసరికి గుండిగలో అన్నం పొగలు కక్కుతోంది. విస్తరాకు అందుకోబోతుండగా, జేఏసీ నాయకుడు రాజమల్లయ్య పరుగున వచ్చి మెడలో బంతిపూల దండ వేశాడు.

"వారం సంది ఉపాసముండి, మాకొక్క మాటన్న చెప్పకపోతిరి సార్."

"ఎవరన్నరు?"

"దుర్గవ్వ చెప్పింది. మీ ఇంటి కుడితి కుండల గంజి సుక్క లేదట."

సారు అసలు విషయం చెప్పడానికి నోరు తెరిచాడు. ఇంతలో రాములవ్వ అనే ముసలమ్మ గుంపును తోసుకుని వచ్చి ఆయన గడ్డం పట్టుకుంది. "మా కోసం కడుపు మాడ్చుకున్నవా బిడ్డా" అని కళ్లు ఒత్తుకుంది. ఇక అన్నం కోసం వచ్చానని చెప్పడానికి ఆయనకు ప్రాణం ఒప్పలేదు.

వేదిక మీద కూర్చోబెట్టి, దీక్ష విరమించమని నిమ్మరసం తెచ్చారు. సారు ప్రాణం లేచొచ్చింది. విరమించాక అన్నమే కదా. తీరా గ్లాసులోకి చూస్తే అడుగున రెండు వేళ్ల మందాన చక్కెర. చేయి దానంతటదే వెనక్కి వచ్చింది.

"గిది నాకు వద్దు" అన్నాడు.

"నిమ్మరసం గూడ ముట్టనంటుండు సారు" అని రాజమల్లయ్య మైకులో ప్రకటించాడు. చప్పట్లతో బస్టాండు దద్దరిల్లింది.

అప్పుడే మహేశ్వరి టిఫిన్ డబ్బాతో వచ్చింది. మొగుడు తినకుండా వెళ్లాడని ఆమె బెంగ. దండేసుకుని కూర్చున్న మనిషిని చూసి నిర్ఘాంతపోయి, దగ్గరకొచ్చి, "ఏంది గిది?" అని మెల్లగా అడిగింది.

"అన్నం తిందామని వచ్చిన" అని సారు నిజం గొణిగాడు. "ఉపాసమున్ననని దండేసిన్రు, ఇరికిపోయిన. ఎట్లన్న బయటపడెయ్."

మహేశ్వరి గుండిగ వైపు చూసింది. ఆయన వైపు చూసింది. వారం నుంచి ఆయన కోసం తాను నమిలిన క్యాబేజీ అంతా ఆమెకు గుర్తొచ్చింది. నెమ్మదిగా మైకు అందుకుంది.

"మా సారు పట్టుదల నాకెరుక. పొద్దుగూకేదాంక మంచినీళ్లు తప్ప ఏం ముట్టడు."

మళ్లీ చప్పట్లు. "ఒక్కపూట ఉపాసముంటే ఏం కాదని డాక్టరే అన్నడు" అని సారు చెవిలో చెప్పి, వేదిక దిగి, డబ్బాలోని వామాకు ఆమ్లెట్ ముక్కలు చేసి అందరికీ పంచింది. రాజమల్లయ్య వేళ్లు నాకుతూ, "అమ్మా, మస్తున్నది. ఇంకో ముక్క ఏస్తవా?" అన్నాడు. దుర్గవ్వ రెండుసార్లు అడిగి పెట్టించుకుంది.

గాలి వేదిక వైపు తిరిగింది. వేయించిన గుడ్డు, పచ్చిమిర్చి, ఆ మాయదారి ఆకు వాసన. సారు అన్నం సంగతే మరిచిపోయి, చివరి ముక్క మీద చూపు నిలిపాడు. రాములవ్వ దాన్ని తీసుకుని, వేదిక వైపు భక్తిగా దండం పెట్టి, నోట్లో వేసుకుంది.