దస్తగిరి వేసుకున్న ఓణీ

ఆ రోజు పొద్దున ఖతార్‌లో, ముఐథర్‌లోని కువబారా గారి విల్లాలో పనులన్నీ అనుకున్నట్టే మొదలయ్యాయి. ఆయన భార్య చిజుకో మేడం వంటింటి బల్ల మీద చిన్న వెదురు చాప పరిచి, దాని మీద నల్లటి సముద్రపు నాచు రేకు, ఆ రేకు మీద పులుపు కలిపిన అన్నం సర్దుతున్నారు. మధ్యలో గుడ్డట్టు, దోసకాయ, పుట్టగొడుగులు పెట్టి ముంజేయంత పొడవున చుట్టేస్తున్నారు. పక్కన ఇంట్లో పనిచేసే శ్యామల మూకుడులో సోయా గింజలు వేయిస్తోంది. ఇంటి నిండా కమ్మటి వాసన.

జపాన్‌లో చలికాలం వెళ్ళి వసంతం అడుగుపెట్టే ముందురోజు సెత్సుబున్ అని ఒక పండుగ చేసుకుంటారు. ఆ సాయంత్రం ఇంటి యజమాని కొమ్ముల ముసుగు పెట్టుకొని వచ్చి తలుపు బాదుతాడు. అతనే ఓనీ, అంటే దయ్యం. పిల్లలు "ఓనీ వా సోతో!" అని, అంటే "దయ్యమా, బయటికి పో!" అని అరుస్తూ వేయించిన గింజలు దాని మీద విసిరి తరిమేస్తారు. ఇక ఆ అన్నం చుట్ట తినడానికి వేరే పద్ధతి ఉంది. దాన్ని కోయకూడదు. ఆ ఏటి శుభదిక్కుకు తిరిగి, మనసులో ఒక కోరిక అనుకొని, ఆఖరి ముద్ద మింగేదాకా నోరు విప్పకుండా తినాలి. మధ్యలో మాట్లాడితే అదృష్టం జారిపోతుంది.

ఈసారి ఆ పండుగ మీద ఇంట్లో అందరూ చాలా ఆశ పెట్టుకున్నారు. కారణం వాళ్ళ కూతురు ఎమీ. ఆరేళ్ళ ఎమీ ఈ ఇంటికి వచ్చిన నాటి నుంచి తన గదిలో పడుకోవడం లేదు. ఏసీ జాలీ వెనక ఓనీ కాపురం ఉందని, రాత్రిళ్ళు గొణుగుతోందని ఆ పిల్ల నమ్మకం. అమ్మానాన్నల మధ్య దూరి, నిద్రలో ఇద్దరినీ తన్నేది. పండుగనాడు దాన్ని ఇంట్లోంచి తరిమేస్తే ఒక్కతే పడుకుంటానని మాట ఇచ్చింది. "కానీ అది నిజంగా రావాలి, నిజంగా పోవాలి" అని షరతు కూడా పెట్టింది.

మధ్యాహ్నం ఇంటి డ్రైవర్ దస్తగిరి బండి కడుగుతుండగా ఫోన్ మోగింది. కువబారా గారు.

"దస్తగిరీ! అన్నం తిన్నావా?"

ఏ ఫోనైనా ఆయన అలాగే మొదలుపెడతారు. రాస్ లఫాన్ గ్యాస్ ప్లాంట్‌లో తనతో పనిచేసే తెలుగువాళ్ళ దగ్గర ఆయన నేర్చుకున్న మొదటి మాట అది. తర్వాత ఇంకొన్ని నేర్చుకున్నారు. దొరికిన చోటల్లా వాడేస్తుంటారు.

"తిన్న్యా సార్. చెప్పండి."

"నేను ఈవెనింగ్ రాలేదు. మెషిన్ ప్రాబ్లమ్. నువ్వు ఓనీ వేసుకో."

అవతల గాలి హోరు. దస్తగిరి ఫోన్ చెవికి అదుముకున్నాడు. "ఏంది సార్?"

"ఓనీ! ఓనీ వేసుకో. డోర్ దగ్గర బిగ్ సౌండ్. ఎమీ చూడాలి. వెరీ ఇంపార్టెంట్!"

"ఓణీనా సార్? నేనా?"

"నువ్వే! ఓనీ ఇంట్లో ఉంది. శ్యామలకి తెలుసు. థాంక్యూ, థాంక్యూ!"

ఫోన్ ఆగిపోయింది. దస్తగిరి చేతిలో పైపు నీళ్ళు కక్కుతూనే ఉంది. అతనిది రాయచోటి దగ్గర పల్లె. మీసం అతనికంటే ముందు గది లోపలికి వస్తుందని తోటి డ్రైవర్లు అంటారు. ఇన్నేళ్ళ డ్యూటీలో నడిమధ్యాహ్నం టైరు మార్చాడు, మేడం సామాన్లు మోశాడు, పాపకు జడ కూడా వేశాడు. ఓణీ మాత్రం ఎవరూ వేసుకోమనలేదు. కానీ చెప్పింది సారు. పైగా పాప కోసం. బండి కడగడం సగంలో వదిలి వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్ళాడు.

"శ్యామలమ్మా, నీ బిడ్డకు కొన్న ఓణీ ఉంది గదా, ఒకసారి ఇయ్యి."

శ్యామలది రాజోలు. వచ్చే నెల ఊళ్ళో కూతురికి ఓణీల పండుగ. అల్ సద్‌లో బట్టల కొట్లన్నీ తిరిగి పసుపుపచ్చ పట్టు ఓణీ కొని, ఇంటిల్లిపాదికీ చూపించింది. కువబారా గారు కూడా ముట్టుకొని "చాలా బాగుంది" అన్నారు.

"ఎందుకన్నా?"

"కట్టుకోను."

"ఎవరండీ?"

"నేనే."

శ్యామల గరిటె పక్కన పెట్టింది. "ఎండదెబ్బ గానీ తగిలిందేటి? మజ్జిగ తాగుతారా?"

"నాకేం కాలే. సారు ఫోన్ జేసినాడు. నేను ఓణీ ఏసుకోని తలుపుకాడ సప్పుడు చెయ్యాలంట. పాప చూడాలంట. యావో వాళ్ళ పండగ గదా, ఆచారం ఉంటాది."

శ్యామలకు ఈ పండుగ కొత్త. మేడం పొద్దున "ఘోస్ట్, ఘోస్ట్" అని ఏదో చెప్పారు. దయ్యం కంటికి కనపడదు గనక గింజలు గాలిలోకి విసురుతారు కాబోలు అనుకుంది తను. ఇందులో ఓణీ ఎక్కడిదో అర్థం కాలేదు. ఎందుకైనా మంచిదని హాల్లోకి వెళ్ళి అడిగింది.

"మేడం, దస్తగిరన్న... ఓణీ?"

మేడం ముఖం వెలిగిపోయింది. "యెస్, యెస్! ఓనీ! దస్తగిరి ఓనీ! సార్ టోల్డ్ మీ." వెంటనే పెదవుల మీద వేలు పెట్టుకున్నారు. "ఎమీ నో. సీక్రెట్."

ఇక అడగడానికి ఏమీ మిగల్లేదు. శ్యామల పెట్టె తెరిచి, మడత విప్పని ఓణీని కళ్ళకద్దుకొని తెచ్చింది. దస్తగిరి గదిలో, అతని యూనిఫాం మీదే కుచ్చిళ్ళు పెట్టి, భుజం దగ్గర పిన్నీసులు గుచ్చింది. "జాగ్రత్తన్నా, పట్టు" అని చెప్తూనే ఉంది. కట్టడం అయ్యాక వెనక్కి జరిగి చూసింది.

"అంతా బానే ఉంది గానండీ, ఆ మీసం..."

"మీసం జోలికి రావద్దమ్మా. సారు మీసం మాట ఎత్తలే."

పొద్దు వాలింది. దస్తగిరి ఫోన్ గదిలో చార్జింగ్‌కు పెట్టి, పక్క సందులో నీళ్ళ ట్యాంకు వెనక నిలబడ్డాడు. ప్రహరీ ఎత్తుగా ఉన్నందుకు జీవితంలో మొదటిసారి దేవుడికి కృతజ్ఞత చెప్పుకున్నాడు. మేడం కిటికీలోంచి సైగ చేస్తే తలుపు బాదాలి.

లోపల మేడం తలుపు బాదుడు మొదలయ్యేలోపే చుట్టలు తినేద్దామన్నారు. ఫోన్‌లో శుభదిక్కు చూశారు. ఆ దిక్కున ఫ్రిజ్ ఉంది. మేడం, ఎమీ, శ్యామల, ముగ్గురూ వరసగా కుర్చీలు వేసుకొని ఫ్రిజ్‌కు ఎదురుగా, తలుపుకు వీపు పెట్టి కూర్చున్నారు. తన కూతురి పండుగ ఏ ఆటంకం లేకుండా జరగాలని శ్యామల కోరుకుంది. ముగ్గురూ చుట్టలు నోట్లో పెట్టుకున్నారు.

సరిగ్గా అప్పుడే కువబారా గారు వీధి మలుపులో దిగారు. మెషిన్ అనుకున్నదానికంటే ముందే బాగుపడింది. తీరా చూస్తే దయ్యం ముసుగు ఆయన కారు డిక్కీలోనే ఉంది. ఇంట్లో ఉందని దస్తగిరికి పొరపాటున చెప్పారు. ఫోన్ చేస్తే అతను ఎత్తలేదు. పాపం, ముసుగు కోసం ఇల్లంతా వెతుకుతూ ఉంటాడు, నేనే వేసేస్తే పోలేదా అనుకున్నారు. ఎర్ర ముఖం, కొమ్ములు, కోరలు తగిలించుకొని, అట్టతో చేసిన గద ఒకటి పట్టుకొని, పిల్ల కంట పడకుండా వెనక గేటులోంచి పిల్లిలా లోపలికి వచ్చారు.

ట్యాంకు వెనకనుంచి దస్తగిరి చూశాడు. ఎవడో ముఖానికి ముసుగేసుకొని, చేతిలో దుడ్డుకర్రతో వంటింటి తలుపు వైపు నక్కుతూ పోతున్నాడు.

"రేయ్! ఎవుర్రా నువ్వు?"

కువబారా గారు వెనక్కి తిరిగారు. మసక వెలుతురులో, పసుపుపచ్చ పట్టు రెపరెపలాడించుకుంటూ, గుబురు మీసాల ఆకారం ఒకటి తన మీదికి పరుగెత్తుకొస్తోంది. ఆయన జీవితంలో దయ్యాల వేషం చాలాసార్లు వేశారు గానీ దయ్యాన్ని చూడటం అదే మొదలు. గావుకేక పెట్టి ఇంట్లోకి దూరారు.

"చిజుకో! కాపాడు!" అని ఆయన జపాన్ భాషలో అరిచారు.

ముసుగులోంచి వచ్చిన గొంతు మేడం పోల్చుకోలేదు. దస్తగిరే అనుకున్నారు. ఎమీ కోసం జపాన్ మాటలు కూడా నేర్చుకున్నాడే అని ఆమె కళ్ళు చెమర్చాయి. వెనక్కి తిరగలేదు. చుట్ట ఇంకా సగం ఉంది.

"శ్యామలమ్మా! దొంగ నాయాలు ఇంట్లో దూరినాడు! గేటుకాడ గార్డును పిలువు!"

శ్యామల తల తిప్పి చూసింది. దస్తగిరి ఆ ముసుగువాణ్ణి నేల మీద పడేసి, వీపెక్కి కూర్చొని, భుజం మీది ఓణీ పెరికి చేతులు కట్టేస్తున్నాడు. పిన్నీసులు ఊడాయి. పట్టు చిరిగిన చప్పుడు స్పష్టంగా వినిపించింది. మాట్లాడితే కూతురి పండుగ చెడుతుంది. మాట్లాడకపోతే కూతురి ఓణీ చెడుతుంది.

"ఊఁ! ఊఁ! ఊఁ!" అంది శ్యామల.

ఎమీది చిన్న చుట్ట, అందరికంటే ముందు అయిపోయింది. వెనక్కి తిరిగింది. ఇన్నాళ్ళూ ఏసీలో దాక్కున్న ఓనీ కొమ్ములతో సహా నేల మీద బోర్లా పడి ఉంది. దాని మీద దస్తగిరి కూర్చొని ఉన్నాడు. పిల్ల ఒక్క అడుగు వెనక్కి వేసింది. తర్వాత గింజల డబ్బా రెండు చేతులా ఎత్తుకుంది.

"ఓనీ వా సోతో! ఓనీ వా సోతో!"

గుప్పిళ్ళకొద్దీ గింజలు వడగళ్ళలా పడ్డాయి. సగం దస్తగిరికే తగిలాయి.

"ఓణీ ఇప్పితే వీడు పారిపోతాడు పాపా!" అన్నాడతను.

ఎమీ తలుపు చూపించి "సోతో! సోతో!" అని కాలు నేలకేసి కొట్టింది. అది మాత్రం అర్థమైంది. దస్తగిరి దొంగను రెక్క పట్టి ఈడ్చుకెళ్ళి వరండాలోకి తోసి గడియ వేశాడు.

మేడం ఆఖరి ముద్ద మింగి, నిండుగా నవ్వుతూ, చప్పట్లు కొట్టడానికి వెనక్కి తిరిగారు. దస్తగిరి ఎదురుగా ఉన్నాడు. కాలర్‌లోంచి గింజలు దులుపుకుంటున్నాడు. మేడం చేతులు గాలిలోనే ఆగిపోయాయి. తలుపు వైపు చూశారు.

"అవుట్‌సైడ్... హూ?"

"దొంగ, మేడం. పోలీసుకు ఫోన్ చేద్దామా?"

తలుపు మీద మెల్లగా, చాలా మర్యాదగా చప్పుడైంది. "చిజుకో," అంది ఒక నీరసపు గొంతు, "నేనే."

ఆ గొంతు దస్తగిరికి తెలుసు. ఖతార్ నుంచి రాయచోటి దాకా దారి మొత్తం అతని కళ్ళ ముందు ఒక్కసారిగా కనిపించింది.

ఎమీ పరుగెత్తి తలుపు తీసింది. కువబారా గారు కట్టు విప్పుకొని, ముసుగును పూలకుండీ వెనక్కి విసిరేసి, ఓణీని చేతికి చుట్టుకొని నిలబడి ఉన్నారు. ముక్కు ఎర్రగా వాచింది.

"నాన్నా, ఓనీని చూశావా?"

ఆయన కూతుర్ని చూశారు. ఆ పిల్ల వెనక వణుకుతున్న మీసాన్ని చూశారు.

"చూశాను," అన్నారు. "ఏడ్చుకుంటూ పారిపోయింది. ఇక ఈ దేశం వైపే రాదు."

"నేనూ దస్తగిరీ కలిసి తరిమాం!"

"అలాగే కనిపించింది," అన్నారాయన ముక్కు తడుముకుంటూ.

ఎమీ గెంతుకుంటూ తన గదిలో ఏసీ ఖాళీ అయిందో లేదో చూడటానికి వెళ్ళింది. వంటింట్లో విచారణ మొదలైంది. సారు చెప్పిందేమిటో, తను విన్నదేమిటో దస్తగిరి అప్పజెప్పాడు. శ్యామల నలిగిన పట్టును ఎత్తి చూపించి, "ఓణీ అంటే ఇదండీ" అంది. కువబారా గారు ఓణీని చూశారు, దస్తగిరిని చూశారు. నవ్వడం మొదలుపెట్టి, నిలబడలేక నేల మీద కూలబడ్డారు. మేడం ముఖం అరచేతుల్లో దాచుకున్నారు. భుజాలు మాత్రం ఎగిరిపడుతున్నాయి.

దస్తగిరి నవ్వలేదు. "సార్, నాకు డ్యూటీ ఉందా, మాఫీనా?" గల్ఫ్ మాటల్లో మాఫీ అంటే లేదని.

కువబారా గారు కళ్ళు తుడుచుకొని లేచారు. "డ్యూటీ ఉంది. పెద్ద డ్యూటీ. నా కూతురి భయం తీసినవాడికి డ్యూటీ లేకపోతే ఎవరికి?" ఇదంతా మూడు భాషల్లో, సగం సైగల్లో చెప్పారు. తర్వాత బల్ల మీద మిగిలిన చుట్టల్లో పెద్దది తీసి అతని చేతిలో పెట్టారు. పండుగనాడు ఎవరి వయసుకు తగినన్ని గింజలు వాళ్ళు తినాలని మేడం గింజల గిన్నె కూడా ముందుకు జరిపారు.

"పాస్‌పోర్ట్ వయసా మేడం, అసలు వయసా?" అని దస్తగిరి అడిగాడు. అప్పటికి గానీ అతని ముఖంలో రంగు రాలేదు.

ఫ్రిజ్‌కు ఎదురుగా కూర్చొని అతను చుట్ట మొత్తం మాట్లాడకుండా తిన్నాడు. ఏం కోరుకున్నావని శ్యామల ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు.

ఎమీ ఆ రోజు నుంచి తన గదిలోనే పడుకుంటోంది. చిరిగిన ఓణీ అంచును మేడం తన పాత కిమోనోలోంచి కత్తిరించిన ఊదారంగు పట్టుతో కుట్టి ఇచ్చారు. రాజోలులో అమ్మలక్కలంతా ఆ అంచు ఏ కొట్లో దొరుకుతుందని శ్యామలకు ఫోన్ల మీద ఫోన్లు చేశారు.

కువబారా గారు మాత్రం దస్తగిరికి ఫోన్‌లో పని చెప్పడం మానేశారు. ఏది కావాలన్నా ఇప్పుడు బొమ్మ గీసి పంపుతున్నారు. ఆయన బొమ్మలు ఏమంత బాగుండవు.