వీసింక్ మంజూరైన గల్లీ

ఆ ఆదివారం పొద్దున ఎల్లప్ప పెట్టుకున్న పని ఒక్కటే. అర్జీ టైపు చేయించి, పదకొండు గంటలకు మాదన్నపేట కూరగాయల మార్కెట్‌కు సభ పెట్టడానికి వస్తున్న వార్డు లీడర్ చేతిలో పెట్టాలి. ఇంటి ముందు మ్యాన్‌హోల్‌కు మూత లేక పద్నాలుగు నెలలైంది. మూత పోయిన వారంలోనే ఆయన భార్య మాణిక్యమ్మ అందులో కాలు పెట్టి మడమ బెణికించుకుంది. ఆ మర్నాడే, మూత పడేదాకా గడప దాటేది లేదని ఒట్టు పెట్టుకుంది. దాంతో కూరగాయల సంచీ ఎల్లప్ప మెడకు చుట్టుకుంది. ముప్పై రెండేళ్లు సిటీ బస్సులో కండక్టరుగా చేసి, నిండు బస్సులో టికెట్ తీసుకోనివాణ్ణి మొహం చూసి పట్టుకున్న మనిషే గానీ, పుచ్చు వంకాయను పట్టుకోవడం మాత్రం ఆయనకు చేతకాలేదు. రోజూ మాటలు పడుతున్నాడు.

అసలు బాధ అది కాదు. గల్లీలో ఎవరింట్లో లొల్లి జరిగినా ఎల్లప్పనే పిలుస్తారు. అలాంటివాడు కట్టుకున్నదానికి ఒక్క మూత వేయించలేకపోయాడు. ఆ సంగతి తలచుకుంటే ఆయనకు నిజంగానే సిగ్గేసేది. ఇప్పటికి ఐదు అర్జీలు ఇచ్చాడు. మొదటిదాని మీద గల్లీ మొత్తం సంతకాలు పెట్టింది. ఐదోదానికి వచ్చేసరికి జనం విసిగిపోయి నలుగురే మిగిలారు. లీడర్ పీఏ ఆ నాలుగు సంతకాలు చూసి, కాగితాన్ని టీ గ్లాసు కింద పెట్టుకున్నాడు.

టైపు కోసం కంప్యూటర్ దగ్గరికి పోతే అక్కడ ఇంకో యుద్ధం నడుస్తోంది. కూతురు సోనీ దవాఖానలో బిల్లింగ్ కౌంటర్‌లో పని చేస్తుంది. కొడుకు చింటు డిగ్రీ ఆఖరి సంవత్సరం. ఇద్దరూ కలిసి కొనుక్కున్న కంప్యూటర్‌లో, ఇద్దరూ ఆడేది కార్ల పందెమే. అందులో వీసింక్ అనే సెట్టింగును ఆమె ఆఫ్ చేస్తుంది, వాడు వచ్చి ఆన్ చేస్తాడు. నెల రోజులుగా ఇదే వరస.

"గా వీసింక్ అంటే ఏందో నాకు చెప్పుండ్రి. ఫైసలా నేను చేస్త," అని ఎల్లప్ప స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"లోపల బొమ్మ గీసేది ఒకటి బాపు, తెర మీద చూపెట్టేది ఇంకోటి," అంది సోనీ. "వీసింక్ ఆన్ చేస్తే తెర రెడీ అయ్యేదాక గీసేది ఆగుతది. నేను బటన్ నొక్కినంక కారు జర ఆలోచించుకొని తిరుగుతది. గంతల గోడకు గుద్దుకుంట."

"ఆఫ్ చేస్తే కారు నడుమకు చిరిగినట్టు కొడతది," అన్నాడు చింటు. "పై సగం ఒక తాన, కింది సగం ఇంకో తాన. గది చూసుకుంట ఆడుడు నాతోని కాదు."

ఎల్లప్పకు ఇందులో చిక్కేమీ కనబడలేదు. కండక్టరు రైట్ రైట్ అనేదాకా డ్రైవరు ఆగాలి, ఆగకపోతే ప్యాసింజరు సగం లోపల, సగం బయట వేలాడతాడు, కాబట్టి ఆన్ చేయమని తీర్పు చెప్పేశాడు. వంటింట్లోంచి మాణిక్యమ్మ గొంతు వినిపించింది.

"ఆగుడు ఆగుడని నువ్వే అంటవు. నేను పద్నాలుగు నెలల సంది ఆగుతనే ఉన్న. ఆఫ్ చెయ్ బిడ్డా."

ఓట్లు రెండుకు రెండు అయ్యాయి. ఆ గల్లీలో తెగని విషయం ఏదొచ్చినా సంతకాలతోనే తేలుస్తారు. బోరు మోటారు పొద్దున వేయాలా సాయంత్రం వేయాలా అన్నదీ, బోనాల మైకు ఎవరి గోడకు కట్టాలన్నదీ అట్లాగే తేలాయి. సోనీ ముందు తండ్రి అర్జీ టైపు చేసి ఇచ్చి, ఆ వెంటనే 'వీసింక్ ఆఫ్ చేయాలి' అని ఒక కాగితం, 'వీసింక్ ఆన్ చేయాలి' అని ఒక కాగితం తీసింది. అక్కాతమ్ముళ్లు చెరో వైపుకు బయల్దేరారు.

చింటు ఎవరికీ ఏమీ వివరించలేదు. కిరాణా కొట్టు మల్లన్న, కరెంటు పోయినా అది ఉంటుందా అని అడిగి సంతకం పెట్టాడు. ఆటో దుర్గయ్య, దానికోసం రోడ్డు తవ్వరు కదా అని రెండుసార్లు అడిగి మరీ పెట్టాడు. ఇడ్లీ బండి బేబీ, ఇంట్లో ఆరుగురికీ తనే పెట్టేసింది. గంటలో తొంభై మూడు సంతకాలు అయ్యాయి. సోనీకి తొమ్మిదే వచ్చాయి, ఎందుకంటే ఆమె అందరికీ అర్థమయ్యేలా చెప్పింది.

పదిముప్పావుకు ఎల్లప్ప తన అర్జీ చూసుకున్నాడు. మళ్లీ అవే నాలుగు సంతకాలు. పక్కనే బల్ల మీద చింటు కాగితం తొంభై మూడు సంతకాలతో నిండుగా ఉంది. ఆయన అటూ ఇటూ చూశాడు. పైనున్న 'వీసింక్ ఆన్ చేయాలి' అన్న వరుసను వెనక్కి మడిచి, గోటితో గట్టిగా రుద్ది, అర్జీ వెనక పిన్ను కొట్టాడు. రెండో పేజీ చదివే నాథుడు ఎవడుంటాడులే అనుకున్నాడు. ఆయన అనుభవంలో మొదటి పేజీ చదివినవాడే లేడు మరి.

మార్కెట్‌లో ఆ లెక్క తప్పింది. తొంభై మూడు సంతకాలు చూడగానే పీఏ కళ్లు పెద్దవయ్యాయి. మొదటి పేజీని తిప్పేసి, ఎవరెవరు పెట్టారో చూద్దామని మడత విప్పి, ఆ పేజీనే పైకి తీసి లీడర్ చేతికిచ్చాడు. లీడర్ మైకు ముందు ఉన్నాడు. చదివేశాడు.

చదివాక పీఏ వైపు చూశాడు. పీఏ పక్కనే ఉన్న మున్సిపల్ ఇంజనీరు వైపు చూశాడు. ఇంజనీరు బాగా తెలిసినవాడిలా తల ఊపి నేల చూపులు చూశాడు. వీసింక్ అంటే ఏమిటని మైకులో అడిగే ధైర్యం వేదిక మీద ఎవరికీ లేదు. కింద జనంలో సంతకం పెట్టినవాళ్లు చప్పట్లు కొట్టారు.

"ఈ వీసింక్ కోసం నా బస్తీ జనం ఇంకెన్ని దినాలు ఎదురుచూడాలె?" అని లీడర్ గొంతు పెంచాడు. "మంగళవారం కల్లా ఆన్ చేపిస్త. నాది జిమ్మేదారి."

ఎల్లప్ప జనం వెనక్కి జరిగాడు. నిజం చెప్పాలంటే మడత సంగతి చెప్పాలి. మడత సంగతి చెబితే ఇక గల్లీలో తలెత్తుకోలేడు. అటునుంచి అటే ఇంటికొచ్చాడు.

సాయంత్రానికి గల్లీ మలుపులో ఫ్లెక్సీ వెలిసింది. లీడర్ బొమ్మ పక్కనే దండ వేసుకున్న ఎల్లప్ప బొమ్మ, కింద 'వీసింక్ సాధకుడు' అని అక్షరాలు. పక్క గల్లీవాళ్లు తమకెందుకు ఇవ్వలేదని అలిగి, వాళ్లూ సంతకాలు మొదలుపెట్టారు. తన కాగితమే ఇంత పని చేసిందని చింటు మీసం తిప్పుకుంటూ తిరిగాడు. మాణిక్యమ్మ కిటికీలోంచి ఫ్లెక్సీని చూసింది. మూత ఏమైందని అడిగింది. ఎల్లప్ప జరిగిందంతా చెప్పేశాడు. ఆమె తిట్టలేదు. కంచంలో అన్నం పెట్టి లోపలికి పోయింది. తిట్టి ఉంటే బాగుండేదని ఆయనకు అనిపించింది.

మంగళవారం పొద్దున ఇంజనీరు జీపు వచ్చింది, వెంట ఇద్దరు పనివాళ్లు. వాళ్లు టేపు పట్టుకుని గల్లీ పొడవు కొలిచారు, వెడల్పు కొలిచారు, బేబీ ఇడ్లీ బండిని కూడా కొలిచారు. ఇంజనీరు ఎల్లప్పను పక్కకు పిలిచాడు.

"పెద్దమనిషీ, ఏడ పెట్టాల్నో మీరే చూపెట్టుండ్రి. ఏడంటే ఆడ పెడ్తం, మాకేం ఎత్‌రాజ్ లేదు."

ఎల్లప్ప నిజం చెప్పేద్దామనే నోరు తెరిచాడు. అంతలో జీపు డ్రైవరు, వెనక్కి తిప్పుకోవాలి, జర చూడమని కేక వేశాడు. ఎల్లప్ప అటు నడిచాడు. జీపు వెనకాల నిలబడి, దాని వెనక తలుపు మీద తట్టాడు.

"రైట్... రైట్... రానీయ్... రైట్..."

కిటికీలోంచి మాణిక్యమ్మ చూస్తూనే ఉంది. జీపు వెనక చక్రం మూత లేని గుంతకు బెత్తెడు దూరంలోకి వచ్చింది. ఎల్లప్ప తీరిగ్గా మీసం దువ్వుకున్నాడు.

"హోల్డాన్," అన్నాడు.

అప్పటికే చక్రం లోపలికి దిగిపోయింది.

జీపును పైకి లాగడానికి గల్లీలోని తొంభై మూడు సంతకాల్లో సగం మంది పట్టాల్సి వచ్చింది. ఇంజనీరు ప్యాంటు మోకాళ్ల దాకా బురదతో నల్లబడింది. ఆయన అక్కడే నిలబడి ఫోన్ చేశాడు. పద్నాలుగు నెలలు రాని మూత నలభై నిమిషాల్లో వచ్చింది. బిగించాక ఫైలు మూయాలి కదా. మంజూరైంది వీసింక్ గనక, పనివాడు తెల్లరంగు తెచ్చి మూత మీద 'వీసింక్ ఆన్' అని రాశాడు. పని పూర్తయినట్టు ఎల్లప్ప సంతకం పెట్టాడు, ఇంజనీరు దండం పెట్టి వెళ్లిపోయాడు.

మాణిక్యమ్మ సంచీ పట్టుకుని గడప దాటింది. ముందు ఒక కాలు, తర్వాత రెండో కాలు మూత మీద పెట్టి, గట్టిగా తొక్కి చూసింది. అది కదల్లేదు. ఆమె మొగుడి వైపు తిరిగింది.

"ముప్పై రెండేండ్ల నౌకరిల ఒక్కపారి అన్న బస్సును గుంతల ఏసినవా?"

"లేదు."

"మరి ఇయ్యాల గట్లెట్లైంది?"

"ఆన్‌ల ఉంటే గంతేనే. జర ఆలస్యమైతది."

మాణిక్యమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, పద్నాలుగు నెలల తర్వాత, తన వంకాయలు తను ఏరుకోవడానికి మార్కెట్ దారి పట్టింది. ఎల్లప్ప ఆమె మలుపు తిరిగేదాకా మూత పక్కనే నిలబడి చూశాడు.

ఆఫీసు రికార్డుల్లో ఆ గల్లీకి వీసింక్ ఇప్పటికీ ఆన్‌లోనే ఉంది, ఇంట్లో కంప్యూటర్‌లో మాత్రం మాణిక్యమ్మ ఆ రోజు మార్కెట్‌కు పోతూ పోతూ ఆఫ్ చేయించే పోయింది.